పుస్తకం ముందా, సినిమా ముందా: గుంటూరు–బెజవాడ చదువరులకు ఒక బేరీజు

"పుస్తకం చదివాకే సినిమా చూడాలి" అన్నది పుస్తకాల పిచ్చి ఉన్నవాళ్ళలో చాలామందికి వేదవాక్కు. కొన్ని పుస్తకాల విషయంలో అది నూటికి నూరుపాళ్ళూ నిజం, కొన్నింటి విషయంలో పూర్తిగా తప్పు. సినిమా ముందు చూస్తేనే మేలనిపించే నవలలున్నాయి. రెండింట్లో ఒకదాంతోనే సరిపెట్టుకోవలసినవీ ఉన్నాయి. ఏది ముందో తేల్చడానికి అట్ట మీద పేరొక్కటే చాలదు. మూలం ఎన్ని పేజీలు, దాని బలం సంఘటనల్లో ఉందా చెప్పే గొంతులో ఉందా, మీ చేతిలో ఉన్న సమయం ముక్కలుగా దొరికేదా ఏకబిగిన దొరికేదా అన్నవి చూడాలి. ఈ మూడూ తెలిస్తే నిర్ణయానికి ఐదు నిమిషాలు చాలు.

పేజీల లెక్క

స్క్రీన్‌ప్లేలో ఒక పేజీ తెర మీద సుమారు ఒక నిమిషం. రెండున్నర గంటల తెలుగు సినిమాలో ఆరేడు పాటలున్నాయనుకోండి, వాటికే పాతిక నిమిషాలు పోతాయి. కథకు మిగిలేది రెండు గంటలు. అదే పుస్తకంలో, డెమ్మీ సైజు (మామూలు నవలల సైజు) తెలుగు పేజీ నింపాదిగా చదివేవాళ్ళకు రెండు నిమిషాలు పడుతుంది. మూడొందల పేజీల నవలంటే పది గంటలు. పది గంటల సరుకును రెండు గంటల్లో సర్దాలంటే కోత తప్పదు. కోత ఎక్కడ పడుతుందో కూడా ముందే చెప్పొచ్చు. మొదట పక్కపాత్రలు ఎగిరిపోతాయి, లేదా ఇద్దరు ముగ్గురు కలిసి ఒకరైపోతారు. తర్వాత కాలం కుదించుకుపోతుంది, నవలలో పదేళ్ళు నడిచింది ఒక పాటలో అయిపోతుంది. చివరికి మనసులో మాటలు పోతాయి, లేకపోతే అద్దం ముందు నిలబడి పైకి చెప్పే డైలాగులవుతాయి.

చిన్న కథను సినిమా చేసేటప్పుడు దీనికి తలకిందులు. ఇరవై ముప్ఫై పేజీలు చదవడానికి గంటకు మించి పట్టదు. దాన్ని రెండు గంటలు చేయాలంటే దర్శకుడు తన చేతి సరుకు కలపాలి. అందుకే కథల విషయంలో సలహా సూటిగా ఉంటుంది: ముందు చదవండి, వీలైతే అదే రోజు సాయంత్రం చూడండి. చదివింది ఇంకా మనసులో తాజాగా ఉంటుంది గనక ఏది మూలంలోది, ఏది కలిపిందో మీకే తెలుస్తుంది.

ఈ పద్ధతికి శ్రీరమణ "మిథునం" చక్కగా సరిపోతుంది. కథను బాపు తన చేతిరాతతో తిరగరాసి మిత్రులకు పంచిపెట్టారంటే దాని మీద ఆయనకున్న మమకారం తెలుస్తుంది. 2012లో తనికెళ్ళ భరణి తీసిన సినిమాలో తెర మీద ఇద్దరే మనుషులు, ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం, లక్ష్మి. కథలో ఆ దంపతుల్ని పక్కనుంచి చూసి మనకు చెప్పే మనిషి ఒకడుంటాడు. సినిమాలో అతను లేడు, ఆ చోట కెమెరా ఉంది. ఆ ఒక్క మార్పుతో రుచే మారిపోయింది. కథలో చమత్కారమంతా చెప్పే తీరులో ఉంటే, సినిమాలో అది పెరట్లోకీ వంటింట్లోకీ చేరింది. సినిమా ముందు చూసినవాళ్ళు కథ చదివి "ఇంతేనా, చిన్నదే" అనుకునే ప్రమాదం ఉంది. కథ ముందు చదివినవాళ్ళకు సినిమా పొడిగింపుగా అనిపిస్తుంది గానీ లోటు అనిపించదు. ఇదే కథను ఎం.టి. వాసుదేవన్ నాయర్ 2000లో మలయాళంలో "ఒరు చెరు పుంచిరి"గా తీశారు. సబ్‌టైటిళ్ళతో చూసే ఓపిక ఉంటే మూడోదిగా అది చూడొచ్చు.

పాలగుమ్మి పద్మరాజు "పడవ ప్రయాణం", దాని ఆధారంగా కె.ఎస్. సేతుమాధవన్ తీసిన "స్త్రీ" కూడా ఇదే తరగతి. చలం "దోషగుణం" నుంచి ఇంద్రగంటి మోహనకృష్ణ 2004లో తీసిన "గ్రహణం" కూడా అంతే. ఈ రెండింటిలోనూ కథ చదవకుండా సినిమా చూడొద్దు. చలం వాక్యంలో ఉండే వేడి తెర మీద వేరే రూపంలో వస్తుంది, ఆ తేడా తెలిస్తేనే దర్శకుడి పని ఎంత కష్టమైందో అర్థమవుతుంది.

వంద నుంచి నూటయాభై పేజీల చిన్న నవలలకు సినిమా కొలత సరిగ్గా పట్టుతుంది. బెంగాలీ రచయిత శరత్ "దేవదాస్" 1917లో అచ్చైన చిన్న నవల. 1953లో వేదాంతం రాఘవయ్య తీసిన తెలుగు సినిమాకు కథను పెద్దగా కోయవలసిన అవసరం రాలేదు. కానీ ఇక్కడ ఒక సంగతి గమనించాలి. నవలలో దేవదాసు మీద శరత్‌కు జాలి ఎంతుందో చిరాకూ అంతే ఉంది. పార్వతి నుదుటి మీద దెబ్బ కొట్టేది ఇతనే. సినిమాలో అక్కినేని ముఖం, సముద్రాల సాహిత్యం, ఘంటసాల గొంతు కలిసి మన సానుభూతినంతా అతని వైపే లాగేస్తాయి. సినిమా చూసి ఎన్నేళ్ళయినా ఆ గొంతు చెవుల్లోంచి పోదు, తర్వాత నవల చదివితే ప్రతి పేజీలోనూ అదే వినిపిస్తుంది. కాబట్టి ఇక్కడ నవలే ముందు. చిన్నదే కదా, ఒక ఆదివారం చాలు.

రెండొందలు, మూడొందల పేజీల వారపత్రికల నవలల దగ్గర నియమం కొంచెం సడలించుకోవచ్చు. యద్దనపూడి "సెక్రటరీ" (సినిమా 1976), కోడూరి కౌసల్యాదేవి "చక్రభ్రమణం" (సినిమాగా "డాక్టర్ చక్రవర్తి", 1964), ఆవిడదే "ప్రేమనగర్" (1971) లాంటివి ఏది ముందైనా పెద్ద నష్టం లేదు. ఇవి సీరియళ్ళుగా చదివించేలా రాసిన కాలపు నవలలు. ప్రతి పది పదిహేను పేజీలకూ ఒక మలుపు ఉంటుంది, తెరకు అది కలిసొస్తుంది. అయితే యద్దనపూడి నవలల్లో నాయిక ఆత్మాభిమానం లోపలి సంఘర్షణగా నడుస్తుంది. మీరు ఆ సంఘర్షణ కోసమే చదివేవాళ్ళయితే నవలే ముందు. పాటల కోసం, వాణిశ్రీ కోసమైతే సినిమా చాలు, నవల లేకపోయినా ఏమీ పోదు.

ఐదొందల పేజీలు దాటిన నవలను ఒక్క సినిమాగా తీశారంటే దాన్ని నవలకు బదులుగా చూడొద్దు. కల్కి "పొన్నియిన్ సెల్వన్" ఐదు భాగాల తమిళ నవల. మణిరత్నం దాన్ని 2022, 2023లలో రెండు సినిమాలుగా తీస్తే రెండూ కలిపి అయిదున్నర గంటలు వచ్చాయి. అయినా నవలలో కొంతే వచ్చింది. కానీ సలహా మాత్రం ఇక్కడ తిరగబడుతుంది: సినిమానే ముందు చూడండి. ఇంత పెద్ద చారిత్రక నవలలో మనల్ని మొదట ఓడించేది పేర్లు, బంధుత్వాలు, ఊళ్ళు. తెలుగు డబ్బింగులో రెండు సినిమాలూ చూస్తే ముఖాలు గుర్తుంటాయి. ఎవరు ఎవరికి అక్కో, ఎవరు ఎవరికి శత్రువో తెలిసి నవల్లోకి దిగితే మొదటి వంద పేజీల్లో ఆగిపోరు. నవల ముందు మొదలుపెట్టి మధ్యలో వదిలేసేవాళ్ళే ఎక్కువ.

బలం ఎక్కడుంది

పేజీల లెక్క ఎక్కువసార్లు సరిపోతుంది గానీ ప్రతిసారీ కాదు. పుస్తకం తీసి ఎక్కడైనా ఒక పేజీ చదివి, దాన్ని పక్కవాళ్ళకు మీ మాటల్లో చెప్పి చూడండి. చెప్పినా ఆసక్తి తగ్గకపోతే బలం సంఘటనల్లో ఉంది, అది తెరకు చక్కగా ఎక్కుతుంది. మీ మాటల్లో చెప్పేసరికి చప్పబడిపోతే బలం వాక్యంలో ఉంది, ఆ పుస్తకం ముందు చదవాల్సిందే.

విశ్వనాథ సత్యనారాయణ "ఏకవీర" ఈ పరీక్షకు రెండు జవాబులూ ఇస్తుంది. మధుర నాయకరాజుల కాలం, ఇద్దరు మిత్రులు, ఒకరు ప్రేమించినామె ఇంకొకరికి భార్య అవుతుంది. ఈ అమరిక చెప్పగానే ఎవరైనా ముందుకు వంగి వింటారు. అందుకే 1969లో సి.ఎస్. రావు దాన్ని సినిమా తీస్తే కథ తెరకు అతికింది, ఎన్టీఆర్, కాంతారావు, కె.ఆర్. విజయ, జమున ఆ నాలుగు పాత్రలూ వేశారు, మాటలు సి. నారాయణరెడ్డి రాశారు. కానీ నవల బలం సగం ఆ వచనంలో ఉంది. విశ్వనాథ వాక్యానికి అలవాటు పడనివాళ్ళు మొదటి ఇరవై పేజీల్లోనే పుస్తకం మూసేస్తారు. అలాంటివాళ్ళు సినిమా చూసి, కథ తెలిసిన ధైర్యంతో నవల పట్టుకోవడం మంచిది. ఆయనవి ఇంతకు ముందు చదివినవాళ్ళు మాత్రం నేరుగా నవలకే వెళ్ళాలి. బెజవాడలో కాలేజీ మేష్టరుగా పనిచేసిన రచయిత కదా, ఈ ఊళ్ళో ఆయన పుస్తకాలకు కొదవ లేదు.

సస్పెన్స్ నవలల దగ్గర మొహమాటం అక్కర్లేదు. యండమూరి "అభిలాష" నవలా ఉంది, 1983లో కోదండరామిరెడ్డి తీసిన సినిమా ఉంది. ఏది ముందు చేసినా రెండోదాని ఉత్కంఠ చచ్చిపోతుంది. ఒకదాన్నే పూర్తి ఆసక్తితో అనుభవించగలరు, కాబట్టి మీకు ఏ రూపం ఎక్కువ ఇష్టమో అది ఎంచుకుని, రెండోదాన్ని ఒకటి రెండేళ్ళు పక్కన పెట్టండి. "అభిలాష"లో మా ఓటు నవలకు. చట్టం, ఉరిశిక్ష, ఒక లాయరు తర్కం నడిచే కథ అది. చదివేటప్పుడు ఆగి ఆలోచించవచ్చు, సినిమాలో ఆ వెసులుబాటు ఉండదు. ఇళయరాజా పాటలు ఎలాగూ విడిగా వినొచ్చు. అదే రచయిత "డబ్బు టు ది పవర్ ఆఫ్ డబ్బు" సినిమాగా "ఛాలెంజ్" (1984) అయింది. ఐదేళ్ళలో యాభై లక్షలు సంపాదిస్తానన్న పందెం. ఇది పరుగు కథ, ఇక్కడ సినిమా ముందైనా పరవాలేదు.

హాస్యం సంగతి వేరు. పొత్తూరి విజయలక్ష్మి "ప్రేమలేఖ" నవలను జంధ్యాల 1984లో "శ్రీవారికి ప్రేమలేఖ"గా తీశారు. మల్లాది వెంకటకృష్ణమూర్తి "చంటబ్బాయ్" 1986లో అదే పేరుతో సినిమా అయింది. జంధ్యాల సినిమా ముందు చూస్తే డైలాగు నోటికొచ్చేస్తుంది. తర్వాత నవలలో అదే సన్నివేశం వస్తే మన నవ్వు ముందే ఖర్చయిపోయి ఉంటుంది. నవల ముందు చదివితే ఆ ఇబ్బంది లేదు, ఎందుకంటే తెర మీద నవ్వించేది మాట పలికే క్షణం, పక్కవాడి మొహం. అవి పుస్తకంలో లేవు గనక తెర మీద కొత్తగానే ఉంటాయి. కాబట్టి హాస్య నవల ఎప్పుడూ ముందు చదవాలి. ఇందులో మాకు సందేహం లేదు.

రచయితే దర్శకుడైతే? వంశీ తన "మహల్లో కోకిల" నవలను 1984లో "సితార"గా తీశాడు. అక్కడ మూలం, అనుసరణ అన్న తగువే లేదు. ఒకే మనిషి రెండుసార్లు చెప్పాడు. ఏది ముందైనా సరే, కానీ రెండూ చేయండి. ఒక వాక్యం ఎలా షాట్ అయిందో ఇంత దగ్గరగా చూసే అవకాశం తెలుగులో అరుదు.

నాటకానికి మూడో దారి ఉంది

"కన్యాశుల్కం" దగ్గర చదవడం, చూడటం కాక వినడం అనే మూడో ఎంపిక ఉంది. గురజాడ దీన్ని 1897లో ఒకసారి, బాగా తిరగరాసి 1909లో మరోసారి అచ్చువేశారు. ఇప్పుడు దుకాణాల్లో దొరికేది ఎక్కువగా రెండోదే, ఏడంకాలు. పి. పుల్లయ్య సినిమా 1955లో వచ్చింది. గిరీశంగా ఎన్టీఆర్, మధురవాణిగా సావిత్రి, లుబ్ధావధాన్లుగా గోవిందరాజుల సుబ్బారావు. రేడియో రూపాలు విడిగా ఉన్నాయి. 1948 డిసెంబర్ 1న మొదలైన విజయవాడ ఆకాశవాణి కేంద్రానికి నాటకాల్లో పెద్ద పేరు.

గుంటూరు, కృష్ణా జిల్లాల వాళ్ళకు ఈ నాటకం చదివేటప్పుడు అడ్డొచ్చేది విజయనగరం యాస, ఆనాటి కోర్టు మాటలు. కళ్ళతో చదివితే నత్తనడక, చెవితో వింటే పరుగు. అందుకని ముందు ఒక అంకం వినండి, వెంటనే అదే అంకం చదవండి. గొంతులు చెవిలో ఉండగా చదివితే యాస తనంతట తనే విడిపోతుంది. ఇలా రోజుకొక అంకం చొప్పున వారంలో నాటకం అయిపోతుంది. ఎనిమిదో రోజు సినిమా. సినిమా ముందు చూస్తే ఎన్టీఆర్ అందమైన గిరీశమే మనసులో నిలిచిపోతాడు, గురజాడ గిరీశం అంత ముచ్చటైన మనిషి కాడు. పుస్తకం కొనేటప్పుడు అడుగున అర్థాలు, వివరణలు ఉన్న ప్రతే తీసుకోండి. ఉత్త పాఠం మాత్రమే ఉన్న ప్రతి ముప్ఫై నలభై రూపాయలు తక్కువకు వచ్చినా వద్దు.

పేరు చూసి మోసపోకండి

బుచ్చిబాబు "చివరకు మిగిలేది" చదివి, అదే పేరుతో సావిత్రి నటించిన 1960 సినిమా వెతుక్కుని చూసి తికమకపడేవాళ్ళు తక్కువేమీ కాదు. రెండింటికీ ఏ సంబంధమూ లేదు. ఆ సినిమా "దీప్ జ్వేలే జాయ్" అనే బెంగాలీ సినిమాకు తెలుగు రూపం. గుంటూరు వాళ్ళకు ఇంకా దగ్గరి తికమక ఒకటుంది: ఉన్నవ లక్ష్మీనారాయణ నవల "మాలపల్లి" వేరు, గూడవల్లి రామబ్రహ్మం 1938లో తీసిన "మాలపిల్ల" వేరు. సినిమాకు కథ చలంది. విషయం దగ్గరగా ఉన్నా నవలకు అది తెర రూపం కాదు. ఇలాంటివి తేల్చుకోవడానికి సినిమా టైటిళ్ళలో "కథ", "మూలకథ" అన్న కార్డు ఆపి చదవండి. ఆ కార్డు కోసమైనా టైటిళ్ళు కోసేయని ప్రతి కావాలి.

భాష మారిన సందర్భమూ ఉంది. శంకరమంచి సత్యం "అమరావతి కథలు" నూరు కథల పుస్తకం, బాపు బొమ్మలతో వచ్చింది. దాన్ని శ్యామ్ బెనెగల్ దూరదర్శన్‌కు సీరియల్‌గా తీశారు, హిందీలో. అమరావతి మనుషులు హిందీ మాట్లాడుతుంటే మన చెవికి మొదటి రెండు ఎపిసోడ్లు ఇబ్బందిగానే ఉంటుంది. ఇక్కడ పుస్తకానికి సాటి లేదు, సీరియల్ కుతూహలం కొద్దీ చూడాలి. పైగా గుంటూరు నుంచి గంట ప్రయాణంలో ఊరే ఉంది. పాతిక కథలు చదివి ఒక పొద్దున్నే అమరేశ్వరుడి గుడికీ, కృష్ణ ఒడ్డుకీ వెళ్ళిరావడం ఏ సీరియల్ కన్నా మంచి అనుసరణ.

మీ సమయం ఎలాంటిది

గుంటూరు నుంచి బెజవాడకు రోజూ ఉద్యోగానికి వెళ్ళొచ్చేవాళ్ళకు బస్సయినా రైలయినా అటు గంట, ఇటు గంట. సీటు దొరికి, పలకరింపులు అయ్యేసరికి చదవడానికి మిగిలేది నలభై నిమిషాలు. రాకపోకలు కలిపి ఎనభై, అంటే నలభై పేజీలు. సోమవారం మొదలుపెడితే శనివారానికి 240 పేజీల నవల పూర్తవుతుంది. ఇదే సమయంలో సినిమా చూడాలంటే ఫోన్‌లో నలభై నిమిషాల ముక్కలుగా తెంపాలి. నవల అధ్యాయాల దగ్గర తెంపుకోవడానికి వీలుగా ఉంటుంది, సినిమా అలా కాదు. తప్పనిసరైతే పాట అయిపోయిన చోట ఆపండి, సన్నివేశం మధ్యలో కాదు. పాత సినిమాల్లో పదిహేను ఇరవై నిమిషాలకొక పాట ఎలాగూ ఉంటుంది.

బస్సులో చదివితే తల తిరిగేవాళ్ళు రైలు పట్టుకోవడం నయం. బస్సే గతి అయితే కిటికీ పక్కన, ముందు చక్రాల దగ్గరి సీటు చూసుకుని, పెద్ద అక్షరాల పుస్తకమే తీసుకెళ్ళండి. ఈ దారికి అన్నిటికన్నా బాగా కుదిరేవి చిన్న కథలు. "అమరావతి కథలు" ఒక్కోటి మూడు నాలుగు పేజీలు, మంగళగిరి వచ్చేసరికి మూడు కథలు అయిపోతాయి.

మే నెల మధ్యాహ్నం సంగతి వేరే చెప్పాలి. బెజవాడ ఎండకు నలభై రెండు నలభై మూడు డిగ్రీల్లో ఉక్కపోతతో పుస్తకం పట్టుకుంటే అరచేతి చెమటకు అట్ట జారిపోతుంది, పాత పుస్తకమైతే రంగు కూడా అంటుకుంటుంది. ఆ మూడు గంటలు సినిమాకు వదిలేసి, చదువు తెల్లవారుజామున ఐదు నుంచి ఏడుకు మార్చుకోండి.

ఇంట్లో అందరూ కలిసి చూసేటప్పుడు ఎవరికోసం అన్నది ముందు తేల్చుకోవాలి. శుక్లాల ఆపరేషన్ అయిన పెద్దవాళ్ళకు, చిన్న అచ్చు చదవలేనివాళ్ళకు సినిమానే. ఇంగ్లీషు మీడియంలో చదివి తెలుగు కూడబలుక్కునే పిల్లలకూ సినిమానే ముందు. కానీ చూసిన మర్నాడే మూలకథ చేతికివ్వాలి, అదీ ముప్ఫై పేజీలు మించకూడదు. కథ తెలుసు గనక తెలియని మాట దగ్గర ఆగిపోరు. మూడొందల పేజీల నవల ఇస్తే ఆ పుస్తకం అలమరలోకి వెళ్ళిపోతుంది. అంతే.

సినిమా ప్రతి సరైనదేనా

నవలనూ సినిమానూ పోల్చి "సినిమాలో ఆ భాగం తీసేశారు" అనే ముందు, తీసేసింది దర్శకుడా, అప్‌లోడ్ చేసినవాడా చూసుకోవాలి. పాత సినిమాలు యూట్యూబ్‌లో పాటలు కోసి, రీళ్ళు ఎగ్గొట్టి ఉంటాయి. తేల్చడానికి ఒక లెక్క ఉంది. సినిమా మొదట్లో కనబడే సెన్సార్ సర్టిఫికెట్ దగ్గర ఆపి, నిడివి ఎన్ని అడుగులో చూడండి. 35 ఎంఎం ఫిల్ములో అడుగుకు పదహారు ఫ్రేములు, సెకనుకు ఇరవైనాలుగు ఫ్రేములు, అంటే నిమిషానికి తొంభై అడుగులు. 16,200 అడుగులని ఉంటే 180 నిమిషాలు. మీటర్లలో ఉంటే 27.4తో భాగించండి. మీ వీడియో 150 నిమిషాలే ఉంటే అరగంట మాయమైందన్నమాట.

ఏడు నిమిషాల తేడా ఉంటే మాత్రం కంగారు పడొద్దు. వీసీడీ, డీవీడీల కోసం మార్చినప్పుడు సెకనుకు ఇరవైనాలుగు ఫ్రేముల్ని ఇరవైఐదుగా పరిగెత్తించడం మామూలే. నాలుగు శాతం తగ్గి 180 నిమిషాలు 173 అవుతుంది. గొంతులు కొంచెం సన్నగా, పాటల శ్రుతి కాస్త పైకి వినిపిస్తాయి. ఘంటసాల పాట రేడియోలో విన్నదానికన్నా హుషారుగా ఉందంటే కారణం అదే.

1950ల సినిమాలు దాదాపు చతురస్రపు బొమ్మలు. వెడల్పు టీవీలో నిండుగా సాగదీస్తే మొహాలు గుమ్మడికాయలవుతాయి. రిమోట్‌లో బొమ్మ ఆకారాన్ని 4:3కి మార్చండి, రెండు పక్కలా నల్లగా ఉంటే ఉండనివ్వండి. కొందరు అప్‌లోడ్ చేసేటప్పుడే పైనా కిందా కోసి వెడల్పు చేస్తారు, టైటిల్ అక్షరాల తలకట్టు తెగిందంటే అదే పని. ఆ ప్రతి వదిలేయండి. నాణ్యత 480 చాలు, పాత ప్రింటును 1080కి పెంచినంత మాత్రాన కొత్త వివరమేమీ రాదు, డేటా మాత్రం మూడింతలు ఖర్చవుతుంది.

పుస్తకం ఎక్కడ, ఎలా

ఉచితంగా చట్టబద్ధంగా దొరికేవేవో తెలిస్తే వెతుకులాట తగ్గుతుంది. మన చట్టంలో రచయిత పోయిన తర్వాతి జనవరి నుంచి అరవై ఏళ్ళు హక్కులుంటాయి. గురజాడ 1915లో, శరత్ 1938లో పోయారు గనక వాళ్ళవి ఎవరైనా స్కాన్ చేసి పెట్టొచ్చు. విశ్వనాథ 1976లో పోయారు, ఆయన పుస్తకాలకు 2036 చివరిదాకా హక్కులున్నాయి. 1979లో పోయిన చలానికి 2039 దాకా. శరత్ మూలం స్వేచ్ఛగా ఉన్నా తెలుగు అనువాదానికి అనువాదకుడి లెక్క వేరేగా ఉంటుంది, ఇది చాలామంది మరిచిపోతారు. సినిమాలకు విడుదలైన తర్వాతి ఏడాది నుంచి అరవై ఏళ్ళు. 1955 నాటి "కన్యాశుల్కం" సినిమాకు 2015తో గడువు అయిపోయింది.

కొనాలంటే బెజవాడలో ఏలూరు రోడ్డు దుకాణాలు, జనవరి మొదట్లో పుస్తక మహోత్సవం. స్వరాజ్ మైదానం పోయాక మహోత్సవం చోటు మారింది, బయల్దేరే ముందు ఆ ఏడాది ఎక్కడో కనుక్కోండి. మొదటి రెండు రోజులు ఎంపిక ఎక్కువ, ఆఖరి రోజు బేరం ఎక్కువ. పాత సీరియల్ నవలలు కావాలనుకుంటే మొదటి రోజే వెళ్ళాలి, ఒకటే ప్రతి ఉంటుంది. గుంటూరు వాళ్ళకు బృందావన్ గార్డెన్స్ వెంకటేశ్వరస్వామి గుడి ఆవరణలోని అన్నమయ్య గ్రంథాలయం ఉంది. అచ్చులో లేని నవల కొనడానికి తిరిగే ముందు అక్కడ అడగడం మేలు.

పాత పుస్తకం కొనేటప్పుడు అట్ట చూడకండి, ఆఖరి పేజీలు చూడండి. అద్దె లైబ్రరీల్లో తిరిగిన నవలల్లో ముందు పోయేవి అవే. పుస్తకాలు పదహారేసి పేజీల ఫారాలుగా కుట్టి ఉంటాయి గనక ఒక ఫారం జారిపోతే ఏకంగా పదహారు పేజీలు పోతాయి. 16, 32, 48, 64... ఇలా పదహారు ఎక్కాల దగ్గర తిప్పి, పక్క పేజీ నంబరు వరసగా ఉందో లేదో చూస్తే అర నిమిషంలో తేలిపోతుంది. సస్పెన్స్ నవల అయితే ఆఖరి ఫారం అమ్మేవాడి ముందే లెక్కపెట్టండి, చదవకుండా.